ఎముకతో పాటు చెరిపేశాను

సీటీ గదిలో పనిచేసేవాడికి నోరు ఉండకూడదు. లోపల ఏం కనబడినా మొహంలో కనబడనివ్వకూడదు. "డాక్టరుగారు చెప్తారు" అన్న ఒక్క ముక్కతో అందర్నీ బయటికి పంపెయ్యాలి. మా సమోవాలో ఇరవై రెండేళ్లుగా నేను చేస్తున్న ఉద్యోగం అదే. ఆ నియమం ఒక్కసారే తప్పాను. "ఏమీ లేదక్కా, లోపలంతా కడిగినట్టుంది, హాయిగా ఇంటికెళ్లు" అన్నాను ఆసెనాటితో. పదకొండో రోజున ఆవిడ చచ్చిపోయింది.

నా పేరు పెటాయా. యాభై ఒకటో ఏడు నడుస్తోంది. పొట్ట ఉంది, బీపీ ఉంది, బట్టతల ఉంది. అప్పట్లో పని మీద గర్వం కూడా దండిగా ఉండేది. నన్ను ముంచింది ఆ గర్వమే.

ఆసెనాటిది వైమాలియే ఊరు. అక్కడి చర్చి పాటల బృందానికి ఆవిడే పెద్ద గొంతు. ఒక ఆదివారం సాయంత్రం పాటలు సాధన చేస్తుంటే, వెనకనించి ఎవరో దుడ్డుకర్రతో కొట్టినట్టు తలలో నొప్పి వచ్చిందట. మధ్యలో ఆపితే పాస్టరుగారు చిన్నబుచ్చుకుంటారని చివరి చరణం దాకా పాడి మరీ కూలబడిందట. మర్నాటికి నొప్పి తగ్గింది. ఇంకో రెండు రోజులు ఊరుకుని, కూతురు ప్రాణం తీస్తోందని బస్సెక్కి మా దగ్గరికి వచ్చింది.

"మా లూపే పోరు పడలేక వచ్చాను తమ్ముడూ. నా తలలో పాటలు తప్ప ఇంకేం ఉంటాయి?" అంది బల్ల ఎక్కుతూ.

తల తిన్నగా ఆనాలి కాబట్టి కొప్పులో ఏమీ ఉండకూడదు. తాబేటి చిప్పతో చేసిన కొప్పు దువ్వెన తీసి నా చేతిలో పెట్టింది. వాళ్ల అమ్మమ్మదట.

"జాగ్రత్త. పోగొట్టావో, నీ జుట్టు పీకుతాను."

"నాకు జుట్టు ఎక్కడిదక్కా? ఉన్న నాలుగూ పోయాయి."

నరంలోకి రంగు మందు ఎక్కేటప్పుడు ఒళ్లు వేడెక్కి పక్క తడిపేశామేమో అనిపిస్తుందని ముందే చెప్పాను. అయినా మందు ఎక్కగానే "ఓరి నాయనో, పరువు పోయింది!" అని లోపల్నించి అరిచింది. యంత్రం తిరగడం మొదలుపెట్టింది. దాని హోరు ఒకటే శ్రుతిలో ఉంటుంది. ఆవిడ ఆ శ్రుతి అందుకుని కింది స్వరంలో సన్నగా కూనిరాగం తీసింది. కదలొద్దని మైకులో కసిరితే ఆపి, నవ్వు బిగబట్టుకుంది.

"మీ మిషను బాగానే పాడుతుంది. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో దానికి తెలీదు, అంతే" అంది బయటికొచ్చాక.

ఆవిడ వెళ్లి బెంచీ మీద కూర్చుంది. నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మా పనిలో ఒక చిక్కుంది. రంగు మందు ఎక్కిన రక్తనాళాలు బొమ్మలో తెల్లగా వెలుగుతాయి. పుర్రె ఎముకా తెల్లగానే ఉంటుంది. తల అడుగుభాగంలో నాళాలు ఆ ఎముకని రాసుకుంటూ, దాన్లోంచి దూరుకుంటూ పైకి పోతాయి. ఎక్కడైనా నాళం గోడ పలచబడి బుడగలా ఉబ్బిందేమో చూడాలంటే, అడ్డొచ్చే ఎముకని బొమ్మలోంచి కత్తిరించి తీసెయ్యాలి. ఆ బుడగనే అన్యూరిజం అంటారు. అది పగలనంత కాలం మనిషి పాడుకుంటూ తిరుగుతుంది. పగిలితే చాలామందికి ఆసుపత్రి దాకా వచ్చే వ్యవధి కూడా ఉండదు.

ఎముక తియ్యడంలో నన్ను మించినవాడు లేడని నాకు పేరు. చామదుంపకి చెక్కు తీసినట్టు తీసుకుంటూ పోయి, చివరికి నాళాలు తప్ప ఏదీ మిగలనిచ్చేవాణ్ని కాదు. ఆక్లండ్‌లో కూర్చుని మా బొమ్మలు చదివే పెద్ద డాక్టరు ఒకసారి ఫోన్లో "నీ బొమ్మలు ఫ్రేము కట్టించుకోవచ్చయ్యా" అన్నాడు. ఆ మాట మా ఆవిడకి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

ఆయనకి ఒక తల స్కాన్ మొత్తం పంపాలంటే ఆరువందల పైచిలుకు పొరలు, తలని సన్నగా అడ్డంకోసినట్టుండే బొమ్మలు, పంపాలి. అప్పట్లో మా లైను మీద అవి చేరేసరికి పొద్దు గుంకేది. మధ్యలో వాన పడితే మళ్లీ మొదటికి వచ్చేది. అందుకని నేను శుభ్రం చేసిన పన్నెండు బొమ్మలు మాత్రం పంపేవాణ్ని, ఆయన వాటిని చూసే చెప్పేవాడు. అలా చెయ్యమని ఎవరూ ఎక్కడా రాసివ్వలేదు. అందరికీ తెలుసు, అందరికీ అలవాటైపోయింది.

ఆ రోజు ఎడమవైపు, ఎముక పక్కన, ఒక తెల్లటి గరుకు మచ్చ మిగిలిపోయింది. బొమ్మ అందం చెడగొడుతోంది. ఎముక ముక్కే అనుకుని గీకేశాను. పన్నెండు బొమ్మలూ వెళ్లాయి. బుడగలేవీ కనబడలేదని గంటలో జవాబు వచ్చింది. ఆ ఊపులోనే బెంచీ దగ్గరికి వెళ్లి ఆ మాట అనేశాను. ఆవిడ లేచి నా బుగ్గ మీద ముద్దు పెట్టి, బయట బస్సు హారన్ కొడుతుంటే పరిగెత్తింది. దువ్వెన నా బల్ల మీదే ఉండిపోయింది.

పదకొండో రోజు ఆదివారం. ఆరాధనలో రెండో పాట మధ్యలో పడిపోయింది. మా దగ్గరికి తెచ్చేసరికే ప్రాణం లేదు.

నాకు సోమవారం తెలిసింది. మధ్యాహ్నం అందరూ భోజనాలకి పోయాక ఆవిడ స్కాన్ తెరిచాను. పన్నెండు బొమ్మలు కాదు, అసలు పొరలు. ఒక్కొక్కటే దాటుకుంటూ నాలుగువందల పన్నెండో పొర దగ్గర ఆగిపోయాను. ఎముకకి అంటుకుని, నాళానికి వేలాడుతూ, బొప్పాయి గింజంత ఉంది. నేను గీకేసింది దాన్నే.

ఏం చేశానంటారా? ఏమీ చెయ్యలేదు. బొమ్మ మూసేశాను. దువ్వెన సొరుగులో పడేసి తాళం వేశాను. ఆక్లండ్ డాక్టరుకి చెప్పలేదు, మా డాక్టరుకి చెప్పలేదు, మా ఆవిడకి చెప్పలేదు. సమాధి చేసేవేళకి వైమాలియే వెళ్లి, జనం వెనక నిలబడి, పాట మొదలవ్వగానే తిరిగి వచ్చేశాను. పిరికివాణ్ని. ఆ మాట ఇంకోలా చెప్పడం నాకు చేతకాదు.

ఆ వారంలోనే మొదలైంది. యంత్రం తిరిగినప్పుడల్లా దాని హోరు కింద ఇంకో గొంతు. కింది స్వరంలో, సన్నగా, ఊపిరి తీసుకునేచోట తీసుకుంటూ. చక్రం అరిగిందేమో చూడమని ఇంజనీరుని పిలిపించాను. మొత్తం విప్పి, బిగించి, కొత్తదానిలా ఉందన్నాడు. నా చెవుల తప్పే అనుకున్నాను. ఒకరోజు ఒక ముసలి జాలరిని బల్ల మీద పడుకోబెట్టి స్కాన్ తీశాను. బయటికొచ్చి లుంగీ సర్దుకుంటూ "లోపల ఎవరయ్యా పాడేది? మంచి గొంతు" అన్నాడు.  ఆ రోజునించీ ఆ సొరుగున్న వైపు కూర్చోవడం మానేశాను.

ఇలా పద్నాలుగు నెలలు గడిచాయి.

ఒక శుక్రవారం పొద్దున, బస్సుల స్టాండు దగ్గర కొబ్బరిపాల బన్నులు కొనుక్కుంటున్నాను. అమ్మే అమ్మాయి చిల్లర ఇస్తూ తలెత్తింది. ఎడమ కంటి రెప్ప సగానికి వాలిపోయి ఉంది. ఆ రెప్ప కింద నల్లగుడ్డు రెండో కంటిదానికి రెట్టింపు ఉంది. బన్ను నోట్లోనే ఉండిపోయింది నాకు.

"కంటికేమైందమ్మా?"

"నాలుగు రోజులైంది బాబాయ్. ఎత్తుదామంటే లేవట్లేదు. లోపల పోటు." నా మెడలో ఆసుపత్రి కార్డు చూసింది. "మీరు స్కాన్ తీసే ఆయనా? మా అమ్మ చెప్పింది మీ గురించి. బట్టతల తమ్ముడు అని నవ్వేది."

అప్పుడు మొహం పోల్చుకున్నాను. లూపే. ఇరవై మూడేళ్లుంటాయి.

"బన్నులు వదిలెయ్. ఇప్పుడే నాతో రా."

"దేనికి? మా అమ్మని చూసి ఏమీ లేదన్నారుగా." తిట్టినట్టు కాదు, ధర చెప్పినంత మామూలుగా అంది. "ఇది మీ మిషనుకి దొరికేది కాదు బాబాయ్. అమ్మని దువ్వెన లేకుండా పాతిపెట్టాం. ఇల్లంతా తిరగేసినా దొరకలేదు. జుట్టు విరబోసుకుని తిరుగుతోందని మా మామయ్య అంటాడు. నా కంటి మీద చెయ్యి వేసింది అమ్మే. ఊళ్లో వైద్యురాలు ఆకు రుద్దుతోంది, తగ్గిపోతుంది."

సొరుగు తాళంచెవి నా జేబులోనే ఉంది. 

ఆసుపత్రికి పరిగెత్తి మా కుర్ర డాక్టరుకి కన్ను సంగతి మాత్రం చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. బుడగ ఉబ్బి కంటి నరాన్ని నొక్కుతోందేమోనని, అదే అయితే ఏ క్షణమైనా పగలొచ్చని, ఇంట్లోవాళ్లని ఒప్పించి పిల్లని తెద్దామని జీపేసుకుని వైమాలియే వెళ్లాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు.

"ఆ పిల్ల మేనమామ, లెమానా అంట, కూర్చోబెట్టి కోకో ఇచ్చాడు, చేప పెట్టాడు. మీ మిషను మా అక్కని ఒకసారి చూసింది, చాలు అని దణ్ణం పెట్టి పంపేశాడు. కాళ్లూ చేతులూ కట్టి తీసుకురాలేను కదా పెటాయా. నేనేం చెప్పినా ఆ ఒక్క మాటే. అప్పుడు ఏమీ లేదన్నారుగా, అని."

అంటే నా మాటే ఆ పిల్లకి అడ్డం పడి ఉంది. దాన్ని తియ్యగలిగింది నేనొక్కణ్నే.

సాయంత్రం మా ఉనాసా మామయ్య దగ్గరికి వెళ్లాను. మా అమ్మకి అన్న, మా కుటుంబానికి పెద్ద. చక్కెర జబ్బుతో మోకాలు వాచి, గుమ్మంలో కూర్చుని కోకో గింజలు వలుస్తున్నాడు. మొత్తం చెప్పాను. దువ్వెన తీసి చాప మీద పెట్టాను. ఆయన గింజలు వలవడం ఆపలేదు.

"ఇంత మాత్రానికి ఎందుకురా ఈ ఏడుపు? దువ్వెన పట్టుకెళ్లి ఇచ్చెయ్. నా దగ్గర ఉండిపోయింది, మర్చిపోయాను అను. అక్కడితో సరి."

"సరిపోదు మామయ్యా. దువ్వెన ఇస్తే వాళ్లమ్మ శాంతించింది, ఇక కన్ను దానంతట అదే బాగవుతుంది అనుకుంటారు. హాయిగా నిద్రపోతారు. ఆ పిల్ల చచ్చిపోతుంది."

"మరి?"

"ఇఫోగా చేద్దాం."

అప్పుడు ఆగింది ఆయన చెయ్యి. మనిషి చావుకి కారణమైనవాడి కుటుంబం, తెల్లారకముందే పోయినవాళ్ల ఇంటి ముందు నేల మీద కూర్చుని, తమకున్న అన్నిటికన్నా విలువైన నేత చాపని నెత్తిన కప్పుకుంటుంది. వాళ్లు వచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తేదాకా ఎండైనా వానైనా కదలకూడదు. రాళ్లు విసిరినా కదలకూడదు. అది ఒక్కడు చేసేది కాదు, పెద్ద తల వంచితేనే దానికి అర్థం.

"నీకు మతి పోయిందా? లారీ గుద్దితే చేస్తారు, కత్తితో పొడిస్తే చేస్తారు. బొమ్మ సరిగ్గా గియ్యలేదని ఎవడన్నా ఇఫోగా చేశాడా? వాళ్లు దేవుడి చిత్తం అనుకుని ఊరుకున్నారు. అడగనివాళ్ల గుమ్మంలోకి వెళ్లి, మీవాళ్లని చంపింది మేమే అని మన ఇంటిపేరు మన్నులో పెట్టమంటావా?"

"అవును" అన్నాను.

ఆయన చాలాసేపు దువ్వెన వంక చూశాడు. తర్వాత లోపలికి కేకేసి, వాళ్లమ్మ చేతులతో నేసిన చాప పెట్టెలోంచి తీయించాడు. "నా మోకాలు అక్కడే విరిగితే నన్ను మోసుకు రావాల్సింది నువ్వే" అన్నాడు.

మా ఆవిడకి కూడా చెప్పక తప్పలేదు. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "ఏడాదిగా నిద్రలో ఆడగొంతుతో పాడుతున్నావు. ఎవరిదో ఇవాళ తెలిసింది" అంది. 

శనివారం, కోళ్లు ఇంకా కూయకముందే, వైమాలియేలో లెమానా ఇంటి ముందు కూర్చున్నాం. మా వాళ్లందరిలాగే వాళ్లూ సమాధి ఇంటి ముందే కట్టుకున్నారు. నాకు రెండు చేతుల దూరంలో ఆసెనాటి. తెల్లని పలకలు, గాజు కింద ఫోటో, ఆ ఫోటోలో కొప్పులో దువ్వెన. మామయ్య చాప లాగి ఇద్దరి నెత్తినా కప్పాడు. తర్వాత నాకు కనబడిందల్లా నేలా, నా మోకాళ్లూ, చాప అంచు కింది వెలుతురూ.

ఇంట్లో అలికిడి మొదలైంది. ఎవరో కెవ్వున కేకేశారు. పరిగెత్తుకొచ్చిన పాదాలు మా ముందు ఆగాయి.

"ఎవరది? ఉనాసాగారా? ఏంటండీ ఇది?" లెమానా గొంతు. నిద్రమత్తులో కంగారు. "మావాళ్లని మీ బండి గుద్దిందా? ఒసే, పిల్లలందరూ ఉన్నారో లేదో చూడండే! ఒక్కణ్నీ వదలకుండా లెక్కపెట్టండి!"

లోపల పిల్లల్ని లెక్కపెట్టే గోల. అందరూ ఉన్నారు. నవ్వొచ్చే ఘట్టమే, నేను తల ఇంకా కిందికి వంచుకున్నాను.

"ఇవాళ్టిది కాదు లెమానా" అన్నాడు మామయ్య. "మీ అక్కది. మావాడి చేతిలో జరిగింది. వాడే చెప్తాడు."

చెప్పాను. చాప కిందనించి, ఆ పాదాలకి చెప్పాను. ఎముక సంగతి, గరుకు సంగతి, అందం కోసం గీకేసిన సంగతి. మిషను ఆవిడ జబ్బు చూసిందని, పట్టుకుందని, చూపించిందని, నేనే దాన్ని చెరిపేసి ఏమీ లేదన్నానని. తెలిసి కూడా పద్నాలుగు నెలలు నోరు మూసుకున్నానని. ఆ పాదాలు కదల్లేదు. తర్వాత ఒక చెయ్యి కిందికి వంగి రాయి తీసుకుంది. అది నా వీపు మీద పడింది. ఊపిరి ఆగిపోయింది. నిజం చెప్పాలంటే, ఏడాదిలో మొదటిసారి ప్రాణానికి కాస్త హాయిగా అనిపించింది.

"మా అక్క నీకు ముద్దు పెట్టిందిరా" అన్నాడు లెమానా. "ఇంటికొచ్చి చెప్పింది. ఎంత మంచివాడో అంది."  పాదాలు వెళ్లిపోయాయి.

ఎండెక్కింది. చాప కింద ఉక్క, చీమలు, మామయ్య మూలుగు. కుక్క ఒకటి వచ్చి వాసన చూసి వెళ్లింది. దారిన పోయేవాళ్లు ఆగి గుసగుసలాడుకుంటున్నారు. ఇంట్లో పెద్దపెద్ద మాటలు, ఏడుపు, మళ్లీ నిశ్శబ్దం. చేతిలో దువ్వెన చెమటకి జారిపోతోంది. సమాధి వైపునించి సన్నగా కూనిరాగం. మామయ్యకి వినబడిందో లేదో నేను అడగలేదు.

చివరికి కర్ర తాటించుకుంటూ ఒక ముసలి పాదాల జత వచ్చింది. ఆసెనాటి తల్లి. చాప అంచు దగ్గర బయటపడిన నా గుప్పిట చూసింది.

"దువ్వెన! ఒరేయ్ లెమానా! నా తల్లి దువ్వెన!"

ఒక్కసారిగా అందరూ మా మీద పడ్డారు. ముసలమ్మ దాన్ని లాక్కుని గుండెలకి హత్తుకుని ఏడుస్తోంది. "దొరికిందే అమ్మా, దొరికింది! ఇక పిల్ల కంటి మీంచి చెయ్యి తియ్యవే" అని సమాధిని తడుముతోంది. లూపే నెత్తిన ఎవరో దువ్వెన గుచ్చారు. నవ్వులూ ఏడుపులూ కలిసిపోయాయి. లెమానా రెండు చేతులా మా చాప ఎత్తాడు. ఎండ కళ్లలో కొట్టింది. ఆయన మొహం ఏడ్చి ఉబ్బి ఉంది.

"దేవుడి చిత్తం ఎలా ఉంటే అలా జరిగింది. తల వంచారు, దువ్వెన తెచ్చారు. లేవండి ఉనాసాగారూ. లోపలికి రండి, కోకో తాగుదురు గాని. పిల్లకి కూడా నయమైపోతుంది."

పద్నాలుగు నెలలుగా నేను కలగన్నది ఆ మాటే. లేచి లోపలికి వెళ్లి కోకో తాగితే చాలు, అంతా అయిపోయేది. మామయ్య అప్పటికే నా భుజం పట్టుకుని లేస్తున్నాడు. వాలిన రెప్పతో, నెత్తిన దువ్వెనతో, లూపే నన్ను చూసి నవ్వుతోంది.

లెమానా చేతుల్లోంచి చాప లాక్కుని మళ్లీ నెత్తిన కప్పుకున్నాను.

 "ఒరేయ్ దౌర్భాగ్యుడా!" అని మామయ్య పళ్లు కొరికాడు. "ఎత్తిన చాప మళ్లీ కప్పుకుంటావా? ఎవడైనా అలా చేశాడా? వాళ్లని అవమానిస్తున్నావురా!"

"నన్ను క్షమించొద్దు" అన్నాను చాప కిందనించి, ఎంత గట్టిగా అనగలనో అంత గట్టిగా. "దువ్వెనకీ కంటికీ సంబంధం లేదు. దువ్వెన నా సొరుగులో ఉండిపోయింది, అంతే. ఆ కన్ను వెనక మీ అక్కకి ఉన్నటువంటిదే ఉండొచ్చు. పిల్లని మిషను కిందికి పంపేదాకా నేను ఇక్కణ్నించి లేవను. రాళ్లు వేస్తే వెయ్యండి. చాప మాత్రం ఎత్తొద్దు."

లెమానా ఏదో అరిచాడు. ఎవరో పాస్టరుగారిని పిలవమన్నారు. ఇంతలో చాప అంచు కొంచెం లేచింది. లూపే నేల మీద బోర్లా వంగి, తల లోపలికి పెట్టి చూస్తోంది. ఆ పెద్దదైన నల్లగుడ్డు నాకు జానెడు దూరంలో ఉంది.

"అమ్మది ఎంత ఉంది బాబాయ్?"

"బొప్పాయి గింజంత."

"నాకూ ఉందా?"

"తెలీదమ్మా. చూస్తేనే తెలుస్తుంది."

"చూసి మళ్లీ ఏమీ లేదంటే?"

"ఈసారి ఏదీ చెరపను. ఎముక ఎముకలాగే ఉంచుతాను."

 చాప కింద ఇద్దరి ఊపిర్లే వినబడుతున్నాయి. "సరే, వస్తాను" అంది. "కానీ మీరే తియ్యాలి. ఇంకొకళ్లైతే జాగ్రత్తగా ఉంటారో లేదో నాకేం తెలుసు? మీరు ఉంటారు."

ఆసుపత్రి జీపులో లెమానా నా పక్కనే కూర్చున్నాడు.  దారంతా నా భుజం మీద చెయ్యి వేసి ఉంచాడు. ఓదార్పుకో, పారిపోకుండానో నాకు అర్థం కాలేదు.

బల్ల ఎక్కేముందు లూపే దువ్వెన తీసి నా చేతిలో పెట్టింది. "మళ్లీ మర్చిపోకండి" అంది. మందు ఎక్కించాను. యంత్రం తిరిగింది. హోరు కింద ఆ గొంతు లేచింది, ఎప్పటికన్నా దగ్గరగా. మైకులోంచి లూపే గొంతు వణుకుతూ వచ్చింది.

"బాబాయ్... అమ్మ."

"నాకూ వినబడుతోందమ్మా. కదలకు" అన్నాను.

కంప్యూటర్ ముందు కూర్చుని, ఎముక చెరిపే కత్తెర గుర్తు వైపు చెయ్యి పోనివ్వలేదు. ఎముక అడ్డొస్తే దాని పక్కనించి చూశాను, ఒక్కొక్క పొరే. మూడువందలు. మూడువందల యాభై. కళ్లు మసకబారితే తుడుచుకున్నాను. నాలుగువందలు దాటాక ఎడమవైపు, ఎముకకి అంటుకుని, చిక్కుడు గింజంత ఉంది. పక్కన ఇంకో చిన్న బొడిపె మొలుస్తోంది.

లూపే గుమ్మంలో నిలబడి ఉంది, వెనకాల లెమానా. "ఏం కనబడింది?" అంది.

డాక్టరుగారు చెప్తారు అన్న మాట అలవాటుగా నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"ఉందమ్మా. మీ అమ్మకి ఉన్న వైపే. రా, చూపిస్తాను."

వచ్చి నా కుర్చీ వెనక నిలబడి చాలాసేపు చూసింది. "ఇంతేనా" అంది. "ఇంత చిన్నదే మా అమ్మని తినేసిందా." లెమానా గోడకి తిరిగి ఏడ్చాడు. నేను ఆరువందల నలభై పొరలూ ఆక్లండ్‌కి పంపాను, ఎముకతో సహా. ఆసెనాటివి కూడా పంపాను, నేను చేసింది కింద రాసి.

మర్నాటి విమానంలో లూపేని ఆక్లండ్ తీసుకెళ్లారు. బుడగ మూతికి చిన్న క్లిప్పు వేసి బిగించారు. నా మీద విచారణ జరిగింది, ఎముక కత్తిరించే పని నా చేతిలోంచి తీసేశారు. బొమ్మలు తీయడం మటుకు ఉంచారు. ఇప్పుడు లైను బాగుపడింది, పొరలన్నీ ఉన్నవి ఉన్నట్టే వెళ్తున్నాయి.

రెండు నెలలకి లూపే వచ్చింది. తల ఒక పక్కంతా గొరిగి, కుట్లు మానుతున్నాయి. రెప్ప ముప్పాతిక దాకా లేచింది. కొబ్బరిపాల బన్నులు అరిటాకులో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టింది. తర్వాత సంచీలోంచి దువ్వెన తీసింది.

"జుట్టు పెరిగేదాకా నా దగ్గర ఉంచమంటావా?" అన్నాను.

"జుట్టు కోసం కాదు బాబాయ్." లోపల యంత్రం వేరెవరికోసమో తిరుగుతోంది. తల వంచి కాసేపు విన్నది. "ఇంటి దగ్గర అమ్మ రావట్లేదు. ఇక్కడే ఉంటోంది. దువ్వెన ఇక్కడే ఉండనివ్వండి."

సొరుగు నేనే తెరిచాను. తాళం వెయ్యడం ఆ రోజునించీ మానేశాను.